మోకాలి బిల్లు

మోకాలు వంచడం సులువైన పని కాదు. మడమ కింద ఒక చేయి, పిక్క కింద ఒక చేయి పెట్టి, ఆయన పళ్లు బిగించేదాకా వంచాలి. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. పొద్దున నలభై సార్లు, సాయంత్రం నలభై సార్లు.

కొత్తకోటలో వడ్ల లోడుకు తాడు కడుతూ మా ఆయన రాజమౌళి లారీ మీదినుంచి పడి నాలుగు నెలలైంది. డ్యూటీలో పడ్డాడు కాబట్టి వైద్యం ఖర్చు లారీ ఓనరు కట్టిన బీమా మీద ఉంది. ఆపరేషన్ డబ్బులు వచ్చాయి. కాలికి వ్యాయామం చేయించే గీత మేడమ్‌కు మాత్రం పూటకు నాలుగు వందలు ముందు మేం ఇచ్చి, బిల్లు చూపించి తెచ్చుకోవాలి. ఆమె ఆరుసార్లు వచ్చాక మా అత్త భీమమ్మ, "సూస్తివి గద, రేపటికెల్లి నువ్వే చెయ్యి. ఉత్తగ పైసలెందుకు పారేసుడు?" అంది. సరేనన్నాను. నా ఎరుకలో నేను చేసిన చెడ్డ బేరం అదే.

నేను గద్వాల మగ్గాల దగ్గర చీరలు తెచ్చి టీచరమ్మలకు వాయిదాల మీద అమ్మేదాన్ని. ఆ మోకాలికి చేతులు పెట్టాక గద్వాల బస్సు ఎక్కలేదు. మొన్న నేత నేసే శంకరయ్య ఫోన్ చేసి, "నీ చీరలు ఎన్నొద్దులు ఆపాలె బిడ్డా? వేరే ఆమె అడుగుతుంది" అన్నాడు. రెండు రోజులు ఆగమన్నాను. "చీరలు యాడికి పోతయి? మొగని కాలు పోతె మల్ల వస్తదా?" అంది అత్త. నిజమే. కాలు ఆయనది. వంచే చేతులు ఎవరివో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

నిన్న వనపర్తిలో బీమా తరఫు డాక్టరు కాలు చూశాడు. ఇక వైద్యం అవసరమో కాదో తేల్చేది ఆ డాక్టరే. మోకాలు వంచి, "బాగా వంగుతోందే. ఆరు బిల్లుల తర్వాత ఇంకేం లేవు. ఇంట్లో ఎవరు చేయిస్తున్నారు?" అని అడిగాడు.

నేను పక్కనే ఉన్నాను.

"ఎవ్వరు లేరు సార్. నాకు నేనే చేస్కుంట" అన్నాడు మా ఆయన, ఛాతీ విరుచుకుని. పెళ్లాం పట్టుకుంటేనే వంగే మోకాలని పరాయి మగవాడి ముందు ఒప్పుకోలేకపోయాడు. డాక్టరు రాసుకున్నాడు: సొంతంగా చేసుకోగలడు, వ్యాయామం ఖర్చు అక్కర్లేదు.

"నేనే చేయిస్తున్న సార్."

"భార్యగా చేస్తారు లేమ్మా. దానికి బిల్లుండదు కదా" అన్నాడు, మర్యాదగానే. "పదిహేను రోజులకు మళ్లీ చూస్తాను. ఇంకా చేయించాల్సి వస్తే ఆపరేషన్ చేసిన డాక్టరు చీటీ, బిల్లులు తెండి. లేదంటే ఫైలు మూసేస్తాం."

తిరుగు బస్సులో లెక్క వేసుకున్నాను. నేను ఎంత బాగా చేస్తే ఆయనకు అంత వైద్యం తగ్గిపోతోంది. మానేస్తే కాలు బిగుసుకుంటుంది. ఎటు తూచినా నష్టం వచ్చే సరుకును మూడు నెలలుగా నేనే మోస్తున్నాను.

ఈ పొద్దున ఆయన మంచం మీద కాలు చాపి, "రావే" అన్నాడు. నేను చీరల సంచి మడత పెడుతున్నాను.

"గీత మేడమ్‌కు ఫోన్ చేసిన. తొమ్మిదింటికి వస్తది. పైసలు నేనే కడ్త, చీరలమ్మి. వచ్చినప్పుడల్ల బిల్లు తీస్కో, ఆపరేషన్ డాక్టర్ చీటీతోని బీమా డాక్టర్‌కు పెడ్దాం."

"నువ్వుండంగ ఆమెకు పైసలెందుకు?"

చెప్పులు వేసుకున్నాను.

"ఇంట్ల ఎవ్వరు లేరని నిన్న నువ్వే చెప్తివి గద."