మామూలు వణుకు

పొంగిపోయిన పాలు తుడుస్తున్నాను. మా ఆయన అరవలేదు. వంటింట్లోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, "ఇప్పుడు చెప్పు, నీ ధ్యాస ఎక్కడుంది?" అన్నాడు, చాలా మెల్లగా. పెళ్ళైన కొత్తలో గొంతు పెంచితేనే ఏడ్చేదాన్ని. తర్వాత గ్లాసులు విసరడం మొదలైంది. "మగాడన్నాక కోపం ఉండదా? నువ్వే సర్దుకుపోవాలి," అంది అత్తగారు, గాజుముక్కల మీంచి జాగ్రత్తగా దాటుకుంటూ. ఊడ్చుకున్నాను, సర్దుకున్నాను. అది నాకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఈ గడియ కొత్తది. తలుపు అవతల పాప "అమ్మా" అంటోంది.

నా ఉద్యోగం విమానాల ఇంజిన్లను కనిపెట్టుకుని ఉండటం. అవి గాల్లో ఉండగానే వాటి వేడి, వణుకు అంకెలై నా తెర మీదికి వస్తాయి. వణుకు మామూలు కంటే పెరిగితే గంట మోగుతుంది. గంట మరీ విసిగిస్తే మా ఆఫీసులో ఒక అలవాటుంది. పెరిగిన వణుకునే కొత్త "మామూలు"గా పెట్టేస్తారు. గంట నోరు మూసుకుంటుంది.

మర్నాడు ఒక ఇంజిన్‌కి గంట మోగింది. "ముసలి ఇంజిన్ అమ్మా, దాని తీరే అంత. మామూలు మార్చెయ్," అన్నాడు మేనేజరు. మార్చబోయి, పాత అంకెలు వెనక్కి తిప్పాను. అప్పటికే మూడుసార్లు మార్చారు, ప్రతిసారీ కాస్తంతే. మొట్టమొదటి మామూలుతో పోల్చి చూస్తే వణుకు రెట్టింపైంది.

"ఇది ఎగరకూడదు సార్."

"ప్రమాదపు గీత దాటలేదుగా! మీ ఆడవాళ్ళకి ప్రతిదానికీ భయమే."

"భయమే సార్," అన్నాను. విమానం దిగగానే ఆపేయమని కబురు పంపేశాను.

మధ్యాహ్నం మెకానిక్ ఫోన్ చేశాడు. ఇంజిన్ లోపల తిరిగే ఒక బ్లేడు మొదలు దగ్గర పగులుందట, ఇంకోసారి ఎగిరితే ఊడిపోయేదట. మేనేజరు ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?"

"చూశారు సార్. చూసిన ప్రతిసారీ అలవాటు చేసుకున్నారు."

ఆ మాట నా చెవినా పడింది. అంతలో మా ఆయన ఫోన్.

"సాయంత్రం త్వరగా రా. నిన్నటి మాట ఇంకా పూర్తవలేదు."

ఎంత నెమ్మదైన గొంతో! "సరేనండీ," అన్నాను. బ్యాగు తీసుకుని తిన్నగా పాప బడికి వెళ్ళాను.

"ఇంకా క్లాసు అవలేదండీ," అంది టీచరు కంగారుగా. "ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"ఇంకా జరగలేదు," అన్నాను. "అందుకే తీసుకెళ్ళిపోతున్నాను."