పేర్లు లేని డబ్బాలు

“అమ్మా, కొంచెం అంటే ఎన్ని చెంచాలు?”

అడిగింది మా చిన్నవాడు. పదేళ్ళవాడు. నోరు తెరిస్తే ప్రశ్నే కాబట్టి ఇంట్లో అందరం వాణ్ని ప్రశ్నల్రావు అంటాం. ఉప్పు కొంచెం వెయ్యాలి, పసుపు కొంచెం చాలు, నీళ్ళు కొంచెం ఎక్కువ పొయ్యాలి అని నేను చెప్పుకుపోతుంటే, నోటుబుక్కులో రాసుకుంటున్నవాడు పెన్ను ఆపేశాడు. పధ్నాలుగేళ్ళుగా ఈ వంటింట్లో పప్పు వండుతున్నదాన్ని, చెంచా తీసి కొలిస్తే గానీ నా చెయ్యి ఎంత వేస్తుందో నాకే తెలియలేదు. ఒకటిన్నర.

ఈ పాఠాలు ఎందుకొచ్చాయంటే, నేను ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. సాయంత్రం డ్యూటీ, అంటే ఒంటిగంట నుంచి ఎనిమిది దాకా, ఆర్నెల్లు చేసినవాళ్ళకే అక్కడ సీనియర్ పోస్టు ఇస్తారు. ఇదివరకు రెండుసార్లు నన్నడిగారు. రెండుసార్లూ నేనే వద్దన్నాను. మా ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు, ఆ సంగతి ఆయనే నలుగురిలో చెప్పుకుంటారు. “నీ ఇష్టం. నేనెప్పుడైనా అడ్డం చెప్పానా? కాకపోతే పిల్లల తిండి, అమ్మ తిండి చూసుకుని నిర్ణయించుకో” అన్నారంతే. ఆ ‘కాకపోతే’ దగ్గరే రెండుసార్లూ ఆగిపోయాను. నాకంటే నాలుగేళ్ళు వెనక చేరిన అమ్మాయి ఇప్పుడు నా రిపోర్టుల కింద సంతకం పెడుతోంది. మంచి పిల్లే. అయినా ఆ సంతకం చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నెల కిందట మూడోసారి అడిగారు. నెల గడువిచ్చి, ఈ సోమవారంలోగా ఏ సంగతో చెప్పమన్నారు.

ఆ నెల్లాళ్ళూ పిల్లలిద్దరికీ నేర్పాను. అన్నం, పప్పు, బంగాళాదుంపల వేపుడు, గుడ్లు. పెద్దదానికి పదమూడేళ్ళు, ఏదైనా ఒక్కసారి చూపిస్తే చాలు. చిన్నవాడు ఉల్లిపాయలు కోయడానికి వాళ్ళ నాన్న హెల్మెట్ పెట్టుకుని అద్దం దించుకునేవాడు. నవ్వి నవ్వి నాకు కళ్ళ నీళ్ళొచ్చేవి, వాడికి మాత్రం ఒక్క చుక్క వచ్చేది కాదు.

శనివారం పరీక్ష. మధ్యాహ్నం భోజనం మొత్తం వాళ్ళదే, నేను వంటింటి గడప దాటకూడదు. ఆ నియమం పెట్టింది పెద్దదే. ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కుక్కర్ కూతలు లెక్కపెట్టాను. మూడు రాగానే “కట్టెయ్యండ్రా!” అని గొంతు దాకా వచ్చింది, మింగేశాను. వాళ్ళే కట్టేశారు. గరిటె కింద పడింది. లేవలేదు. కాసేపటికి చిన్నవాడి కేక వినిపించింది. “అక్కా! పప్పు తియ్యగా ఉందే!”

‘ఉప్పు’ అని రాసి ఉన్న డబ్బాలోంచి తీసి వేశారు పాపం. మా ఇంట్లో ఆ డబ్బాలో ఉండేది పంచదార. ఉప్పు బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది, పసుపు కాఫీ సీసాలో. నెల్లాళ్ళూ అన్నీ నేనే తీసి చేతికందించాను కాబట్టి వాళ్ళకీ సంగతి తెలియదు. నియమం పక్కనపెట్టి పరిగెత్తుకెళ్ళి ఈ వివరమంతా చెప్పాను. పెద్దది నడుం మీద చేతులు పెట్టుకుని, “అమ్మా, ల్యాబులో కూడా ఇలాగే చేస్తావా?” అంది.

ల్యాబులో పేరు లేకుండానో, తప్పు పేరుతోనో రక్తపు గొట్టం వస్తే నేను క్షణం ఆలోచించకుండా పారేస్తాను. పంపిన నర్సును ఫోనులో కడిగేస్తాను. అలాంటిదాన్ని, ఇంట్లో డబ్బాలు పధ్నాలుగేళ్ళు ఎందుకిలా ఉంచాను? తీరిక లేక అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది నిజం కాదు. “ఏమేవ్, ఉప్పెక్కడ?” అని ఆయన అరిచినా, “అమ్మాయ్, జీలకర్ర ఏ డబ్బాలో పెట్టావ్?” అని అత్తయ్య అడిగినా విసుక్కుంటూనే లోపల మురిసిపోయేదాన్ని. నేను లేకపోతే ఈ ఇంట్లో చిటికెడు ఉప్పు కూడా దొరకదు. మిగతా ఏ విషయంలోనూ ఎవరూ నన్నడగని ఇంట్లో నాకు మిగిలిన పెత్తనం అదొక్కటే. తల్చుకుంటే సిగ్గేసింది. నా మీద నాకే జాలి కూడా వేసింది.

చిన్నవాడు టేపూ పెన్నూ తెచ్చి డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాడు. పప్పు వాడే మళ్ళీ వండాడు. పెద్దది వేపుడు చేసింది. రెండింటికి అందరం కూర్చున్నాం.

అత్తయ్య నాలుగు ముద్దలు తిని తృప్తిగా తలాడించింది. “ఇంకేం అమ్మాయ్, పెద్దది చేతికందొచ్చింది. ఇక నీకేం దిగులు?”

“అవును, పెద్దది చూసుకుంటుంది. హాయిగా డ్యూటీకి ఒప్పుకో” అన్నారాయన, పప్పు కలుపుకుంటూ. ఆ పప్పు చిన్నవాడు చేసిందని ఎవరికీ గుర్తు లేదు.

పెద్దదాని చెయ్యి కంచంలో ఆగిపోయింది. తలెత్తి నాకేసి చూసింది. ‘ఒప్పుకో’ అన్న ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నాను. తీరా వచ్చేసరికి అందులో నా స్థానంలో నా కూతురు నిలబడి ఉంది. నాకు పోస్టు కావాలి, చాలా కావాలి. నా కూతురి సాయంత్రాలు ఇచ్చి తెచ్చుకునేంతగా మాత్రం కాదు.

“పెద్దది చూసుకోదండీ” అన్నాను. “వంతులు వేసుకుందాం. సోమవారం అది, బుధవారం వీడు, మంగళవారం మీరు. మిగిలినవి రేపు కూర్చుని పంచుకుందాం. డ్యూటీకి నేను ఒప్పుకుంటున్నాను.”

“నేనా? నాకు వంటెక్కడ వచ్చు?”

“వీడికి మాత్రం పోయిన నెల వచ్చా? రేపు వీడే నేర్పుతాడు.”

“హెల్మెట్ నీదే నాన్నా, తెచ్చుకో” అన్నాడు ప్రశ్నల్రావు. ఈసారి మాత్రం వాడి నోట ప్రశ్న రాలేదు.

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. నేనూ చూశాను. అత్తయ్య మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, కొడుకుతో అంది, “మంగళవారం ఉప్పు తగ్గించి వెయ్యరా. నాకసలే బీపీ.”

సోమవారం పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టాను. మర్నాడు మంగళవారం, ఆయన వంతు. సాయంత్రం ల్యాబులో గొట్టాలు వరసగా పేరుస్తూ, కోటు జేబులో ఫోను ఇంకా మోగలేదేమిటా అని ఆరున్నర నుంచి చూస్తూనే ఉన్నాను. పప్పెక్కడ, కుక్కరుకి ఎన్ని కూతలు, మూత ఎలా పెట్టాలి, ఏదో ఒకటి అడక్క మానరనుకున్నాను. ఏడయింది, ఏడున్నరయింది. ఎవరూ ఫోను చెయ్యలేదు. నాకు కాస్త దిగులేసింది. ఆ తర్వాత బాగా ఆకలేసింది.