ముప్ఫై జతల చోటు

నేను ఒక చెప్పుల స్టాండును. పాత ఇనప మంచం పట్టీలతో వెల్డింగు దుకాణంలో పుట్టాను. నన్ను మా బస్తీ దవాఖానాకు తెచ్చింది డిగ్రీ కాలేజీ పిల్లలు. రోగుల రద్దీని చక్కబెట్టడానికి సేవకు వచ్చారు. వాళ్లకు పెద్ద శ్రీనిధి. నాకు ఆకుపచ్చ రంగు వేసి, ముప్ఫై జతలు పడతాయని మురిసిపోయింది. నేనూ మురిశాను.

మొదటిరోజు పొద్దున తలుపు ముందు చెప్పులు బారుగా ఉన్నాయి. మనుషులు అవతలి గోడ నీడన కూర్చున్నారు.

"దారికడ్డంగా ఎలా విడిచారో చూడండి" అంటూ శ్రీనిధి అన్నీ ఏరించి నా అరల్లో సర్దించింది. తర్వాత నంబరు చీటీలు తీసింది. కాళ్లు బాగున్నవాళ్లు పరుగున వచ్చి అందుకున్నారు.

బాలవ్వ చివర వచ్చింది. పాదానికి కట్టు, ఎన్నాళ్లకూ మానని పుండు. పరగడుపు రక్తపరీక్ష చూశాకే మందు మారుస్తానంది డాక్టరమ్మ. ఆ రక్తం తొమ్మిదిన్నర దాకే తీస్తారు.

"నా చెప్పులేవి బిడ్డా? మూడో జత నాదే. ఐదు గొట్టంగ పెట్టిన."

"స్టాండులో భద్రంగా ఉన్నాయవ్వా."

"భద్రం సంగతి గాదు తల్లీ. గదే నా నంబరు."

"చెప్పులకు గూడ సూది ఏపిస్తవా అవ్వా?" అన్నాడు ముందున్న ఒకడు. అందరూ నవ్వారు.

శ్రీనిధి నవ్వలేదు. చెప్పుల బారే వాళ్ల వరస అని ఆమెకు అర్థమైంది. చీటీల కట్ట చూసుకుంది, స్నేహితులను చూసింది. "ఒక్కరికి మారిస్తే అందరూ అడుగుతారవ్వా" అని ముప్ఫయ్యో చీటీ చేతిలో పెట్టింది.

ఆ నంబరు పిలిచేసరికి పది దాటింది. రక్తం సీసాల పెట్టె మూసేశారు. బాలవ్వ తిండీ నీళ్లూ లేకుండానే ఇంటిదారి పట్టింది.

సాయంత్రం పిల్లలు లెక్క కట్టారు. మనిషి సగటున గంటే ఆగాడట. చీటీ అందిన దగ్గర్నుంచి లెక్క. నా పక్కన నిలబడి ఫోటో దిగారు. శ్రీనిధి అంచున నిలబడింది.

మర్నాడు తెల్లవారకముందే బాలవ్వ వచ్చింది, మళ్లీ పస్తుతో. చెప్పులు విప్పి, వంగి, నా కింది అరలో పెట్టింది. కట్టు కాలు చల్లటి గచ్చు మీద మోపి, మూసిన తలుపును పట్టుకుని నిలబడింది. నాకు ఆమెను పిలవాలనిపించింది. ఇనుముకు నోరెక్కడిది?

ఎనిమిదింటికి శ్రీనిధి వచ్చి ఆ కాలు చూసి ఆగిపోయింది.

"ఈపారి స్టాండుల్నే పెట్టిన బిడ్డా" అంది బాలవ్వ. "నిన్న తెల్వక తప్పు జేసిన. ఏమనుకోకు."