పద్దెనిమిది ఆధారాలు

ఆఫీసులో అందరూ ఆయన్ని భూతద్దం అనేవారు. ముప్పయ్యేళ్ళు పత్రికలో అచ్చుతప్పులు దిద్ది రిటైరయ్యాక, కళాకారుల జీవితచరిత్రలు ఇంటర్నెట్‌లో పెట్టే ఒక సంస్థలో చేరాడు. ఆ పేజీల్లో ఏది నిజమో, ఏది సొంత డప్పో తేల్చడం ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "సుప్రసిద్ధ", "అద్వితీయ", "లక్షలాది అభిమానుల" లాంటి మాటలు చదివీ చదివీ ఎంత విసిగిపోయాడంటే, భార్య "టీ బాగుంది కదా" అన్నా "ఎవరన్నారు?" అనేవాడు.

ఆ మంగళవారం ఒక గాయని పేజీ వచ్చింది. నలభై ఏళ్ళుగా వేదికల మీద పాడుతున్నావిడ. ప్రతి వాక్యం చివరా ఒక అంకె, కింద ఆ అంకెకో ఆధారం. మొత్తం పద్దెనిమిది. ఒక్కొక్కటే తెరిచాడు. ఆరు ఆవిడ సొంత వెబ్‌సైట్‌లోవే. పదకొండు వేర్వేరు వార్తా సైట్లవి. కానీ అన్నిట్లోనూ "పది వేల కచేరీలు" అన్న వాక్యం ఒక్కటే. దాని పక్కన "గాత్రమాదుర్యం" అంటూ ఒత్తు లేని తప్పు కూడా ఒక్కటే. పదకొండు మంది విలేకరులు ఒకే చోట ఒత్తు మరిచిపోరు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. అన్నిటికీ మూలం ఒక ప్రచార ప్రకటన. కింద ఉన్న ఫోన్ నంబరు ఆయనకు నోటికొచ్చు. కళాకారులకి ప్రచారం చేసిపెట్టే బావమరిదిది.

సంగతి పైఅధికారిణికి చెప్పి, పేజీ ఇంకొకరికి ఇమ్మన్నాడు. "మిగతా ఇద్దరూ సెలవులో ఉన్నారు. మీరే చూడండి, చివర్లో నేనూ చూస్తాను" అందావిడ. ఆయన నిట్టూర్చి ఫోన్ తీశాడు.

"ఏరా, ఈ పది వేలు ఎవరు లెక్కపెట్టారు?"

"నువ్వా బావా చూసేది! బతికాం!"

"బతకడం తర్వాత. ఎవరు లెక్కపెట్టారు?"

"నలభై ఏళ్ళు పాడింది కదా. ఏడాదికి రెండొందల యాభై వేసుకున్నా. కాస్త అటూ ఇటూ."

"ఆవిడని అడిగావా?"

"అడిగితే వద్దంటుంది బావా. చెప్పుకోవడం రాదావిడకి. ఆ ఒక్క లైనూ వదిలెయ్. అక్క మీద ఒట్టు, ఇంకేమీ అడగను."

"మీ అక్కని ఇందులోకి లాగకు" అని పెట్టేశాడు.

మిగిలింది పద్దెనిమిదో ఆధారం. "తిరుగులేని కంఠం" అన్న మాటకి పెట్టిన పాత పత్రిక కత్తిరింపు. చదివితే అందులో ఉన్నది వేరు. కచేరీ మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయిందట. జనం లేవబోతుంటే ఆవిడ వేదిక దిగి, కుర్చీల వరసల మధ్య నడుస్తూ గంటన్నర పాడిందట. డోలు వాయించేవాడు వెనకే నడిచాడట. చివరి రెండు పాటలకి ఆవిడ గొంతు బొంగురుపోయిందట. బావమరిది ఆ కత్తిరింపుని చదవకుండానే పెట్టాడన్నమాట.

ఆయన పేజీని ఏడు వాక్యాలకి కుదించాడు. బొంగురుపోయిన గొంతుని ఉంచాడు. బావమరిది అలిగి రాకపోకలు మానేశాడు. "మీ సత్యహరిశ్చంద్రత్వానికి నా తమ్ముడే దొరికాడా?" అని భార్య సణిగింది.

నాలుగో రోజు గాయని స్వయంగా ఆఫీసుకి ఫోన్ చేసింది. పోట్లాటకి సిద్ధపడ్డాడాయన.

"గొంతు పోయిందని రాశారు."

"పత్రికలో అలాగే ఉందమ్మా."

"నిజమే, వారం దాకా మాట రాలేదు. కానీ నాతో నడిచిన డోలు ఆయన పేరు రాయలేదేం?"

"పత్రికలో లేదమ్మా."

"నేను చెప్తున్నాను కదండీ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మీరు చెబితే చాలదమ్మా. ఎక్కడైనా అచ్చయి ఉండాలి."

"ఆయన పేరు ఎవరు అచ్చేశారు? పోయి పదకొండేళ్ళయింది."

పేరు రాసుకున్నాడు. రెండు వారాలు భోజనం వేళ పాత పత్రికలు తిరగేశాడు. పది వేల కచేరీలకి పదకొండు ఆధారాలు దొరికిన చోట ఆ మనిషికి ఒక్కటీ దొరకలేదు. ఆ మాటే ఆవిడకి ఫోన్ చేసి చెప్పాడు. "వెతికారు, అది చాలు" అందావిడ, చాలన్నట్టు మాత్రం వినిపించలేదు.

ఆదివారం బావమరిది వచ్చాడు. "ఆ డోలాయన సంగతి నాకెప్పుడూ చెప్పలేదు బావా, ఆవిడ."

"నువ్వు అడగలేదు."

వాడు తలూపి, అక్క ఇచ్చిన టీ అందుకున్నాడు.