ఓడా, రిసార్టా?

చొక్కా కాలరు మీద మురికి గీత చేత్తో రుద్దితే తప్ప పోదు, మిషను మీద వదిలేస్తే మొగుడి మెడ చూసి పెళ్ళాం పనితనం చెప్పేస్తారు జనం. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు చెప్పిన మాట ఇది. అందుకని ఆమె కుళాయి దగ్గర పీటేసుకుని కాలరు రుద్దుతోంది. మొగుడు నోట్లో బ్రష్షుతోనే వచ్చి, ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఓడా, రిసార్టా? తేల్చి చెప్పు. ఆఫరు ఇవాళ్టితో సరి."

"దేనికండీ?"

"దేనికేమిటి, హనీమూన్‌కి! మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదు. పెళ్ళైన కొత్తలో మామగారి మోకాలి ఆపరేషను అడ్డొచ్చింది, ఆ తర్వాత ఆడపడుచు పురుడు, ఆ వెనకే ఆయన ఆఫీసులో ఆడిట్. ఒక్కొక్కటీ వచ్చి వరసలో ముందుకు దూరుతుంటే హనీమూన్ వెనక్కి వెనక్కి జరిగి, చివరికి అందరి నోళ్ళలోంచీ జారిపోయింది. ఇదిగో, ఇవాళ మళ్ళీ కొత్తగా మొలిచింది.

"ఓడంటే మూడు రాత్రులు సముద్రం మీద. రిసార్టంటే ఒడ్డునే. అన్నీ అందులోనే. తిండి వాళ్ళే పెడతారు, పక్కలు వాళ్ళే వేస్తారు, బట్టలు వాళ్ళే ఉతుకుతారు. ఓడలోనూ అంతే అనుకో. నువ్వు చెయ్యి కదపక్కర్లేదు. నీ ఇష్టం."

నీ ఇష్టం అన్న మాటంటే ఆమెకి భయం. హాల్లో పరదాల రంగు కూడా ఆమె ఇష్టమే అన్నారు. ఆకుపచ్చ అంది. ఎండకి రంగు వెలిసిన రోజునుంచీ వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు ఏరిందండీ" అని చూపిస్తున్నారు. అవి వెలిసిపోకుండా ఉన్నన్నాళ్ళూ మాత్రం "మావాడు కుట్టించాడు" అనేవాళ్ళు.

"గదికి లోపల గడియ ఉంటుందాండీ?" అని అడిగింది.

ఆయన నురగ ఉమ్మేసి నవ్వాడు. "నీ పిచ్చి గానీ! అంతంత పెద్ద ఓడ కట్టినవాళ్ళు గడియ పెట్టకుండా ఉంటారా?"

పిచ్చో కాదో గానీ, ఆ ఇంట్లో గదులకి గడియలు లేవు. ఆయన ఇంత పిల్లాడుగా ఉన్నప్పుడు గదిలోకి దూరి గడియ వేసుకుని, తీయడం రాక గుక్కపట్టి ఏడ్చాడట. ఆ మధ్యాహ్నమే మామగారు స్క్రూడ్రైవరు పట్టుకుని గదులన్నిటి గడియలూ ఊడబీకేశారు. పిల్లాడికి మీసాలొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, పెళ్ళామొచ్చింది. గడియ మాత్రం తిరిగి రాలేదు. పైగా అదొక గొప్ప. "మా ఇంట్లో తలుపులు బిడాయించుకునే అలవాటు లేదమ్మా, అరమరికలు ఎరగం" అంటుంది అత్తగారు, ఆ తలుపే తోసుకుని లోపలికి వస్తూ. నొప్పుల మందు వీళ్ళ గదిలోనే పెడుతుంది. దుప్పట్లు అక్కడే. ఆమె చీర సగం కట్టుకుని ఉంటే, "నేనేగా, నా దగ్గర సిగ్గేమిటే" అంటూ బీరువా తీస్తుంది.

రాత్రిపూట తలుపుకి కుర్చీ అడ్డం పెట్టేవాళ్ళు మొదట్లో. ఒకరోజు పొద్దున టీ తాగుతూ మామగారు, "ఆ కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయించరా, ఈడ్చినప్పుడల్లా మెలకువ వస్తోంది" అన్నారు. అంతే. ఆ రాత్రినుంచి కుర్చీ జరగలేదు. ఆ తర్వాత జరగాల్సినవి కూడా చాలావరకు జరగలేదు. గడియ పెట్టిద్దామని మొగుణ్ణి ఒకసారి అడిగింది. "నాన్న ఏమనుకుంటారు? మనమేదో దాస్తున్నామనుకోరూ?" అన్నాడు. దాచుకోవాల్సినవే కదండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడితో ఆగింది. ఆమెకి ఏడుపొస్తే స్నానాల గదే దిక్కు. ఆ ఒక్కదానికే గొళ్ళెం ఉంది. అక్కడ కూడా కాస్త ఆలస్యమైతే, "నీళ్ళ టాంకు ఖాళీ చేసి గానీ రావా ఏమిటి?" అని తలుపు మీద దరువు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక యజమానిని సెలవడిగింది.

"హనీమూనా?" అని ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని చూశాడు. "పురిటి సెలవు అడగాల్సిన టైములో హనీమూన్ సెలవడిగేది నువ్వొక్కత్తివేనమ్మా!" షాపులో ఉన్న ఇద్దరు కస్టమర్లు కూడా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే సెలవు దొరకదు.

షాపులోనే అద్దాలు అరగదీసే అక్క ఆమెని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయింది. "ఓడెక్కు, మారుమాటొద్దు. రిసార్టయితే ఏ రెండో రోజో కడుపులో వికారమనో, ఫ్యూజు పోయిందనో ఇంటికి పిలిపిస్తారు. నడి సముద్రంలో ఫోను పలకదు. మీ అత్త ఈదుకుంటూ రావాలి."

ఎన్నాళ్ళకో ఆమె మనసారా నవ్వింది. సాయంత్రం దాకా ఎవరికి జోడు పెట్టి చూసినా ఆమె కళ్ళకి ఓడే కనపడింది. ఇరుకు గది. కిటికీ లేకపోయినా ఫరవాలేదు. లోపలికెళ్ళి గడియ వేస్తుంది. వేసి, ఏమీ చెయ్యదు. మంచం మీద వెల్లకిలా పడుకుంటుంది. అడుగుల చప్పుడుకి చెవులు రిక్కించకుండా మొగుడితో గొంతు పెంచి మాట్లాడుతుంది. అప్పుడేమైనా ఈయన మనిషిలా, తన మనిషిలా కనిపిస్తాడేమో చూడాలి. ఇన్నాళ్ళూ వాళ్ళమ్మ కొడుకుతోనే కాపురం చేసింది గానీ ఆయన్ని వేరేగా ఎప్పుడు చూసింది గనక?

ఇంటికొస్తూనే చెప్పేసింది. "ఓడేనండీ."

"భేష్!" అన్నాడాయన. భోజనాల బల్ల దగ్గర ఫోను నిలబెట్టి, వేలితో జరుపుతూ చూపించాడు. అత్తగారు కంచం పక్కకి నెట్టి మరీ ముందుకి వంగింది.

"నేను చెప్పలేదట్రా ఓడే అంటుందని? నాకూ సముద్రమంటే చిన్నప్పట్నుంచీ సరదా. మీ నాన్నకే, కడుపు తిప్పుతుందేమోనని బెంగ."

కూర గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. "అత్తయ్యా, మీరు కూడానా?"

"అయ్యో, వీడు చెప్పలేదూ? మమ్మల్నిద్దర్నీ ఇంట్లో వదిలి వెళ్తారటే? మీ మావయ్యకి మెట్లెక్కడమే కష్టం!"

"నలుగురి క్యాబిన్ అయితే కలిసొస్తుంది," అన్నాడు ఆయన ఆమె వైపు చూడకుండా. "కింద రెండు పక్కలు, పైన రెండు. మనిద్దరం పైన పడుకుందాం."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "పోనీ, రిసార్టు?"

"అందులోనూ మంచి ఏర్పాటే. రెండు గదులు, మధ్యలో తలుపు."

"తీసే ఉంచుకుంటాం, మన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది," అంది అత్తగారు సంబరంగా. "ఏదైనా సరే తల్లీ, నీ ఇష్టం."

ఆమె కంచాలు తీసింది. తీస్తూ ఒకదానిమీద ఒకటి పేర్చింది. పొద్దుట్నుంచీ ఎంత పెద్ద మనిషిలా తూచింది, ఎంత తర్జనభర్జన పడింది! ఎటు వెళ్ళినా ఇదే హాలు, ఇదే గది, ఇదే తలుపు. ఈ ఇల్లు నీళ్ళ మీద తేలాలా, ఇసక మీద నిలబడాలా అని మాత్రమే ఆమెని అడిగారు.

"ఏమండీ," అంది. "అక్కడ వంట వాళ్ళే చేస్తారన్నారు కదా?"

"అవును."

"పక్కలు వాళ్ళే వేస్తారు. బట్టలు వాళ్ళే ఉతుకుతారు."

"అదేగా పొద్దున్నుంచీ చెప్తున్నాను!"

"మరి నేనెందుకండీ?"

గొడవకి అడగలేదు. నిజంగానే అడిగింది. అడిగి, మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆయన ఒక్క మాట అంటే చాలు, బాగుండేదైనా, బాగుండనిదైనా, ఆమె గురించి ఒక్క మాట. కళ్ళు మూసుకుని వాళ్ళతో వెళ్ళి ఆ నాలుగో పక్కెక్కడానికి కూడా సిద్ధంగానే ఉంది.

ఆయన తల్లి వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. చిక్కు లెక్కకి సమాధానం దొరికినవాడిలా అన్నాడు: "నువ్వు లేకపోతే అమ్మకి వేళకి మాత్రలెవరిస్తారు? నాన్నని మెట్లెవరు ఎక్కిస్తారు?"

"అదీ!" అంది అత్తగారు.

ఆమె కంచాలు బల్ల మీద పెట్టేసింది. ఫోనులో ప్రయాణికులు నలుగురు అని ఉంది, దాని పక్కన చిన్న తీసివేత గుర్తు. తడి వేలితో నొక్కితే పలకలేదు. చీర కొంగుకి వేలు తుడుచుకుని, మళ్ళీ నొక్కింది.

నలుగురు కాస్తా ముగ్గురయ్యారు.

"మీరు ముగ్గురూ ఓడెక్కండి," అంది. "నాకు సెలవు దొరికింది. నేను ఇంట్లో ఉంటాను."