మందు పట్టిందన్నారు

ఆ ఇంట్లో ఒక కంచం విడిగా ఉండేది. ఒక తువ్వాలు విడిగా ఆరేది. చూసినవాళ్లకు అది శుభ్రతలాగే కనిపించేది. ఆ రెండూ అమ్మమ్మవి.

అమ్మమ్మ లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. నిత్యం తడిలో నానే ఆ వేళ్ల సందుల్లో తామర పట్టింది. కూతురు మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చింది. మొదట తగ్గుముఖం పట్టింది. తర్వాత చర్మం ఎర్రగా కంది, పొక్కులు లేచి, రసి కారసాగింది.

"రాసినప్పుడల్లా నిప్పులు పోసినట్టుందే," అనేది అమ్మమ్మ.

"మంట పుట్టిందంటే మందు పట్టిందన్నమాటే. నువ్వేమో కాటుక దిద్దుకున్నట్టు రాస్తావు. దట్టంగా పట్టించమ్మా!"

"ముందు నీ నోటికి రాయాలే ఈ మందు," అని నవ్వి, పళ్లు బిగబట్టి మరికాస్త పూసుకునేది.

పొక్కులు మణికట్టు దాటి పాకాయి. అంటురోగమన్నారు. లాండ్రీ యజమాని పనిలోకి రావద్దన్నాడు. అప్పుడప్పుడే పాకుతున్న మనవరాలిని ఎత్తుకోవద్దని కూతురు చెప్పింది. పాప దగ్గరికొస్తే అమ్మమ్మే చేతులు వెనక్కి దాచుకుని, "వద్దు తల్లీ, అంటుకుంటుంది" అనేది. అలాగే పాపకు నడక వచ్చింది, మాటలు వచ్చాయి.

చివరికి వేళ్లు ముడవలేకపోతుంటే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించారు. అమ్మమ్మ చేతిమీది పొట్టు గీకి డాక్టరమ్మ పరీక్ష చేయించింది. ట్యూబు అటూ ఇటూ తిప్పి చూసింది.

"తామర ఎప్పుడో పోయింది. ఇది మందు పడక వచ్చిన దద్దురు. మంట పుట్టగానే ఆపి రావలసింది."

"మంటంటే పట్టిందనుకున్నామండీ," అంది కూతురు.

"పట్టడం కాదమ్మా, పడకపోవడం. తామరైతే అంటుకుంటుంది. ఇది అంటుకోదు."

"అంటుకోదా?" అమ్మమ్మ అడిగింది ఆ ఒక్క మాటే.

ఆ మందు మానేసి, డాక్టరు చెప్పినట్టు నడుచుకున్నాక చేతులు బాగయ్యాయి. ఒక ఉదయం వాటిని చాచి, "రావే బంగారం" అని పిలిచింది. పాప తన చేతులు వెనక్కి దాచుకుంది.

"వద్దు. అంటుకుంటుంది," అంది ముద్దు ముద్దుగా, నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు.

కూతురు ఆ విడి కంచం తీసి అందరి కంచాల్లో కలిపింది.

అమ్మలారా, పైపూత మందే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఒంటికి నోరు లేదు, మంటే దాని మాట. అది విన్న వెంటనే ఆపి డాక్టరును అడగండి. చర్మం ఆలస్యంగానైనా మానుతుంది గానీ, దూరం పెట్టిన మనిషికి పోయిన రోజులు తెచ్చిచ్చే మందు ఏ షాపులోనూ దొరకదు.