ఆఖరి మాటల మీద మోగిన డోలు

నేను ఒక డోలును. పెళ్లిళ్లలో మోగేదాన్ని కాదు, ఊరేగింపుల ముందు నడిచేదాన్నీ కాదు. మనుషులను చంపేటప్పుడు వాళ్ల ఆఖరి మాట ఎవరి చెవినా పడకుండా మోగినదాన్ని. ఆ పని నాకన్నా బాగా చేసిన డోలు ఫ్రాన్సు దేశం మొత్తంలో ఇంకోటి లేదు. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. నోరు పెద్దది, ఏం చేయను?

పుట్టింది స్ట్రాస్‌బర్గ్‌లో, రాజుగారి తల తీసిన ఏడాది. అప్పుడు ఆ దేశంలో దేవుడికి కూడా గడ్డుకాలమే. చర్చిలో కొవ్వొత్తులు నిలబెట్టే ఇత్తడి స్తంభాలను పెరికి తెచ్చి, కరిగించి, రేకుగా సాగగొట్టి నా ఒళ్లు చేశారు. మొహానికి దూడతోలు బిగించారు. ఆ దూడ ఎవరో విధవరాలిది. స్వేచ్ఛ కోసం కావాలని చెప్పి తోలుకుపోతుంటే, స్వేచ్ఛకు నా దూడే దొరికిందా అని ఆవిడ వీధి చివరిదాకా శాపనార్థాలు పెడుతూ వచ్చిందట.

నన్ను మొదట మెడకు తగిలించుకున్నవాడు మాథురిన్ గోవెల్. యాభై ఏళ్లవాడు, బొంగురు గొంతు. ఊరు పడమటి వైపున ఫ్రెనే అనే పల్లె. ఆ ఊళ్లో దండోరా వేయడం వాళ్ల ఇంటి పని. తాత వేశాడు, తండ్రి వేశాడు, ఇతనూ వేశాడు. భార్య పోయాక, ఒక్కగానొక్క కూతురు పెరీన్‌కు పెళ్లి చేసి, సైన్యంలోకి డోలువాళ్లు కావాలంటే వచ్చి చేరాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పాలన్నా నా మీదే చెప్పేవాడు.

ఇక అసలు మనిషి ఎతియెన్ బ్రోసార్. పీపాలు చేసేవాడి కొడుకు. రాజుగారి సైన్యంలో పద్నాలుగేళ్లు సార్జెంటుగానే పడి ఉన్నాడు, ఎందుకంటే అంతకు మించి ఎక్కాలంటే తాత జమీందారై ఉండాలి. విప్లవం వచ్చింది, మెట్లన్నీ ఖాళీ అయ్యాయి. రెండేళ్లలో సార్జెంటు కాస్తా కర్నలయ్యాడు. నిజం చెప్పొద్దూ, ధైర్యవంతుడే. గుండ్లు కురుస్తున్నా నోట్లో పొగాకు పైపు ఆరనిచ్చేవాడు కాదు. ఒక్క దానికే భయం, మళ్లీ సార్జెంటు కావడానికి.

అప్పుడు మా జనరల్ ద వెర్నాక్ అనే ముసలాయన, పాత జమీందారీ వంశం. ఒక నది దగ్గర యుద్ధం ఓడిపోయాడు. మూడు రోజులుగా రొట్టె బళ్లు రాక సైనికులు నిలబడలేకపోయారు, అదీ సంగతి. కానీ పారిస్ నుంచి వచ్చిన విప్లవ ప్రభుత్వ ప్రతినిధికి రొట్టె లెక్క అక్కర్లేదు, ద్రోహి కావాలి. విచారణ సూపు చల్లారేలోపే అయిపోయింది. తల నరికే గిలెటిన్ ఎక్కాక ముసలాయన సైనికుల వైపు తిరిగి, "నాయనలారా, తప్పు మీది కాదు, రొట్టె రాలేదు, అంతే" అన్నాడు. అంతే, గడ్డాలు మీసాలు ఉన్న మగాళ్లు బావురుమన్నారు. కొందరి చేతులు తుపాకుల మీదికి పోయాయి. ప్రతినిధి మొహం పాలిపోయింది.

"గోవెల్! వాయించు!" అని అరిచాడు బ్రోసార్.

గోవెల్ వాయించాడు. నేను చెవులు చిల్లులు పడేలా మోగాను. ముసలాయన నోరు కదులుతూనే ఉంది, ఎవరికీ ముక్క వినబడలేదు, కత్తి పడింది. జనం కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోయారు. ఆ సాయంత్రమే బ్రోసార్ ఒక ఉత్తర్వు రాసి సంతకం పెట్టాడు: శిక్ష పడినవాడు నోరు తెరవగానే డోలు మోగాలి, ప్రాణం పోయేదాకా ఆగకూడదు, ఆపినవాడికి అదే శిక్ష. ప్రతినిధి మురిసిపోయి అతన్ని కౌగిలించుకున్నాడు. పది రోజుల్లో బ్రోసార్ జనరలయ్యాడు. నా మోతకు అంత ఫలం ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

ఆ చలికాలం మమ్మల్ని పడమటికి పంపారు. అక్కడి రైతులు కొడవళ్లు పట్టుకుని విప్లవం మీదే తిరగబడ్డారు. వాళ్ల ఫాదిరీలను తరిమారని కోపం, కొడుకుల్ని సైన్యంలోకి లాక్కుపోతున్నారని కోపం. బ్రోసార్ కొంపలు తగలబెట్టుకుంటూ పోయాడు. ఫ్రెనే చేరేసరికి ఊరు ఖాళీ. జనమంతా అడవిలో దూరారు. అడవిలోకి పోయిన సైనికులు మాత్రం తిరిగి రావడం లేదు. ప్రతినిధి ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. బ్రోసార్ గోవెల్‌ను పిలిపించాడు.

"ఇది నీ ఊరేగా? ఇక్కడ దండోరా ఎలా వేస్తారు?"

"మూడు దెబ్బలు నిదానంగా, రెండు గబగబా అండి. అది వినబడితే చేతిలో ఏదున్నా కింద పడేసి చర్చి ముందుకు వస్తారు. డోలు మోగినంతసేపూ అక్కడ ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరండి. తాతలనాటి కట్టుబాటు."

"అండి గిండి ఏంటి? అందరం పౌరులమే, నువ్వు అను." విప్లవం వచ్చాక అదొక చట్టం, జనరల్‌నైనా నువ్వు అనాలి. "రేపు పొద్దున వాయించు. కొడవళ్లు పడేస్తే రొట్టె ఇచ్చి ఇళ్లకు పంపేస్తా."

గోవెల్ కాసేపు నా తాళ్లు సవరించాడు. "వాళ్లలో నా కూతురుంది" అన్నాడు చివరికి.

"దాన్ని విడిగా నిలబెడతాలే. నా మాట."

మర్నాడు మంచు కురుస్తుండగా గోవెల్ చర్చి ముందు నిలబడి వాయించాడు. మూడు నిదానంగా, రెండు గబగబా. అంత తీయగా నేను ఎప్పుడూ మోగలేదు. కాసేపటికి అడవి అంచున ఒక ముసలిది కనబడింది, వెనక ఇద్దరు, వాళ్ల వెనక ఊరంతా. గోవెల్‌ను చూసి కొందరు నవ్వారు కూడా, మనవాడే కదా అని. నూట అరవై మంది కొడవళ్లు కుప్పపోసి, చేతులు ఊపుకుంటూ వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. రొట్టె ఎక్కడుందా అని అటూ ఇటూ చూశారు.

మొదటి తుపాకులు పేలగానే గోవెల్ చేతులు ఆగిపోయాయి.

"ఆపావా, నీ కూతురు కూడా అంతే" అన్నాడు బ్రోసార్.

గోవెల్ వాయించాడు. ఏం చేస్తాడు పాపం. కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి, ఆ కట్టుబాటు దెబ్బలే వాయిస్తూ ఉండిపోయాడు. నేను మోగుతున్నంతసేపూ జనం కూలుతూనే ఉన్నారు. బ్రోసార్ మాట మాత్రం తప్పలేదు. పెరీన్‌ను విడిగానే నిలబెట్టాడు, తన పక్కనే, ఆరడుగుల దూరంలో. అందరూ అయిపోయాక ఆఖరున ఆమెనూ కాల్చమని సైనికులకు సైగ చేశాడు. పెరీన్ తండ్రివైపు చూసి ఏదో అంది. చిన్న మాటే, నాలుగు ముక్కలుంటాయేమో. బ్రోసార్ కనుబొమ పైకి లేచింది. తర్వాత తుపాకి పేలింది. అంతకు ముందే గోవెల్ కళ్లు తెరిచాడు, ఆమె పెదాలు కదలడం చూశాడు, మాట మాత్రం వినలేదు.

ఇలాంటప్పుడు మగాడు కత్తి దూస్తాడని కథల్లో చెబుతారు. గోవెల్ మర్నాడు లేచి నా తాళ్లు బిగించాడు. అదీ మనుషులంటే. కానీ ఆనాటి నుంచి అతనికి ఒకటే రంధి పట్టుకుంది: ఏమంది? నాన్నా అందా? నీ చేతులు పడిపోను అందా? తుపాకులు పేల్చినవాళ్లందరినీ అడిగాడు. డోలు గోలలో మాకేం వినబడుతుంది అన్నారు. విన్నవాడు బ్రోసార్ ఒక్కడే. ఆయన్ను అడిగితే పైపు పొగ వదిలి, "గుర్తులేదు" అన్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి పారిస్‌లో గాలి మారింది. చంపమన్నవాళ్లే ఇప్పుడు చంపినవాడెవడని కేకలేశారు. ఆ ప్రతినిధే, కౌగిలించుకున్న ఆ మనిషే, బ్రోసార్‌ను పట్టించి ఫ్రెనే రాక్షసుడని పేరు పెట్టాడు. ఈసారి సూపు వడ్డించను కూడా లేదు. గిలెటిన్ శిక్ష పడింది. ఆ మధ్యాహ్నం బ్రోసార్ జైలు గదికి గోవెల్‌ను పిలిపించాడు. ఎప్పుడూ మెడన ఉండేదాన్ని కాబట్టి నేనూ వెళ్లాను.

"రండి, కూర్చోండి గోవెల్ గారూ."

చట్టాన్ని మర్చిపోయాడో, చావు గుర్తొచ్చిందో గాని, మీరు అన్నాడు. బూటులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"ఫ్రెనేలో ఒక్క ప్రాణి మిగలకూడదని పారిస్ ఉత్తర్వు ఇది. కింద ఆ ప్రతినిధి సంతకం. కోర్టులో చదవనివ్వలేదు. రేపు జనం ముందు చదివితే నన్ను దింపి వాణ్ణి ఎక్కిస్తారు. మీరు వాయించకుండా ఉంటే చాలు. నేను కిందికి దిగాక మీ పెరీన్ ఏమందో చెబుతాను."

"ఇప్పుడే చెప్పండి" అన్నాడు గోవెల్.

"ఇప్పుడు చెబితే రేపు వాయిస్తారు. నాకు తెలియదా మనుషుల సంగతి? ప్రతి ముక్కా గుర్తుంది నాకు. మరిచిపోయే మాట కాదది."

మర్నాడు మైదానం కిక్కిరిసిపోయింది. ప్రతినిధి ముందుగా ఒక ఉత్తర్వు చదివించాడు: శిక్ష పడినవాడు నోరు తెరవగానే డోలు మోగాలి, ఆపినవాడికి అదే శిక్ష. కింద సంతకం బ్రోసార్ అని చదివేసరికి జనం పగలబడి నవ్వారు. బ్రోసార్ కాగితం విప్పి పెద్దగా చదవడం మొదలుపెట్టాడు. గోవెల్ కర్రలు కదల్లేదు. నేను నోరు మూసుకుని ఉండటం అదే మొదలు. "వాయించరా!" అని ప్రతినిధి గొంతు చించుకున్నాడు. గోవెల్ కదల్లేదు.

ఒక్కో మాటా జనంలోకి పోయింది. గుసగుసలు మొదలయ్యాయి. "పాపం, పైనుంచి వచ్చిన ఆజ్ఞేగా" అంది ఎవరో ఆడమనిషి. "దింపండ్రా ఆయన్ని" అన్నాడు ఇంకొకడు. తలారి మెట్ల మీద ఆగి అటూ ఇటూ చూశాడు. బ్రోసార్ మొహంలోకి రంగు వచ్చింది. ఇంకో నాలుగు వాక్యాలు చదివితే బతికి బట్టకట్టేవాడే. ఆయన బతికితేనే గోవెల్‌కు కూతురి మాట దక్కుతుంది.

ఫ్రెనే గోడ పక్కన కూలినవాళ్లను మాత్రం ఎవరూ పాపం అనలేదు. గోవెల్ చేతులు నా మీదికి లేచాయి. అవి లేవడం బ్రోసార్ చూశాడు. కాగితం జారవిడిచి అరిచాడు.

"గోవెల్! మీ అమ్మాయి అన్నది..."

కర్రలు పడ్డాయి. నన్ను అంత గట్టిగా ఎవరూ, ఎప్పుడూ కొట్టలేదు. బ్రోసార్ చెబుతూనే ఉన్నాడు. ఈసారి మోసం లేదు, పాపం, మెడ నరాలు ఉబ్బేలా నిజంగానే చెబుతున్నాడు, నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ. గోవెల్ ఏడుస్తూ వాయించాడు. కత్తి పడ్డాక కూడా చాలాసేపు ఆపలేదు.

తర్వాత తలారి దగ్గరికి పరుగెత్తాడు. తలారి చేతులు కడుక్కుంటున్నాడు.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. ఏమన్నాడు?"

"నీ గోలలో నాకేం వినబడుతుందయ్యా?" అన్నాడు తలారి.

గోవెల్ నన్ను నేల మీద పెట్టి, బెల్టులోంచి కత్తి తీసి, నా మొహాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి కోశాడు. తర్వాత మోకాళ్ల మీద కూలబడి, ఆ చిరుగుకు చెవి ఆనించి పడుకున్నాడు. గడ్డం గరుకుగా తగిలింది. అలాగే చాలాసేపు ఉన్నాడు. ఉత్తర్వు ప్రకారం, బ్రోసార్ నోరు తెరవగానే వాయించనందుకు మూడో రోజున అతన్నీ గిలెటిన్ ఎక్కించారు. ఆ రోజు వేరే డోలు మోగింది.

ఇప్పుడు ఒక మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. కింద చీటీ మీద ఇలా ఉంది: జనరల్ బ్రోసార్ దళాల డోలు, స్వేచ్ఛ కోసం మోగింది, తోలు చిరగడానికి కారణం తెలియదు. వచ్చినవాళ్లు వంగి చిరుగులోకి తొంగి చూస్తారు, లోపల ఏముందోనని. ఏమీ లేదు. గోవెల్ చెవి ఆనించినప్పుడు కూడా ఏమీ లేదు. ఆ రోజు గోడ దగ్గరా, ఆ తర్వాత గిలెటిన్ దగ్గరా, ఆ పిల్ల మాట నేనూ వినలేదు. రెండుసార్లూ అరుస్తున్నది నేనే కదా.